మన్యపు జ్వరం - సిపాయి వైద్యం

భద్రాచలం నుండి గోదావరి ఎడమ గట్టు వెంట ఎగువకు పోతే దుమ్ముగూడెం, ఆ పైన చర్ల వస్తాయి. చర్ల ప్రాంతంలో తాలిపేరు అనే వాగు గోదావరిలో కలుస్తున్నది. దిగువకు పోతే కూనవరం వద్ద శబరి నది వచ్చి చేరుతున్నది. ఈ నీళ్ళ వెనుక కొండలు, కొండల నిండా అడవి. ఆ అడవికి ఆవలి అంచు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తరు ప్రాంతం. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా నివసిస్తున్న ఈ నేలను పెద్దలు మన్యం అన్నారు. మన్యం అనగానే మైదానం వారికి రెండు విషయాలు గుర్తుకు వచ్చేవి. ఒకటి రాములవారి కోవెల. రెండవది మన్యపు జ్వరం.

ఈ జ్వరం ఇక్కడి పిల్లలను పట్టేది. బయటినుండి పనిమీద వచ్చిన పెద్దలను మరింత తీవ్రంగా పట్టేది. ఆనకట్ట కట్టటానికి వచ్చిన ఇంజనీర్లు, కూలీలు, పితూరీలు అణచటానికి వచ్చిన పోలీసులు, పటాలాలు అందరూ దానికి లొంగినవారే. వీరిలో సైనికుల కథ మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. సైన్యం తన రోగులను రోజూ లెక్కపెట్టుకుంటుంది. అందువల్ల ఏ మందు పనిచేసిందో, ఏ ఏర్పాటు పనికిరాలేదో దాని లెక్కలలో తెలిసిపోతుంది. జబ్బుపడిన సిపాయికి వైద్యం ఎంత దూరంలో ఉండేది? ఆ దూరం ఎట్లా తగ్గుతూ వచ్చింది? అతని భార్యాబిడ్డల సంగతి ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఈ వ్యాసంలో చూద్దాం.

దండు వెంట వచ్చిన జ్వరం

19వ శతాబ్దం మధ్యభాగంలో గోదావరిపై పడవలు మధ్యపరగణాల వరకు నడపాలని ఒక పెద్ద పథకం మొదలయింది. దుమ్ముగూడెం వద్ద కట్టిన ఆనకట్ట ఆ పథకంలో భాగమే. కొండబండలు ఒక అడ్డు, జ్వరం రెండవ అడ్డు. జ్వరాల కాలం రాగానే పనివారు చెదిరిపోయేవారు. ఖర్చు పెరిగిపోయింది, ఫలితం కనిపించలేదు. చివరకు 1871లో ఆ పథకాన్ని విడిచిపెట్టారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుండి గోదావరి జిల్లాకు, అనగా మద్రాసు రాజధానికి మారాయి.

మరి ఐదేళ్ళకు, 1879 మార్చిలో, రంప పితూరీ లేచింది. కల్లుపై పన్ను, పోలీసుల దౌర్జన్యం, మన్సబుదారు వసూళ్ళు - ఇవి దానికి కారణాలు. అదే సంవత్సరం జూలై నాటికి అలజడి భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. ప్రభుత్వం అనేక వందల పోలీసులతోపాటు ఆరు మద్రాసు పదాతి పటాలాలను, రెండు కంపెనీల సాపర్లను, కొంత అశ్వికదళాన్ని, హైదరాబాదు కంటింజెంటు నుండి ఒక పదాతి పటాలాన్ని కూడా దింపింది. ఇంత బలం ఉండి కూడా పితూరీ అణగటానికి ఏడాదికి పైగా పట్టింది. అడవి దారులు తెలియకపోవటం ఒక కారణం. చలిజ్వరంతో సిపాయిలు వరుసగా మంచం పట్టటం మరొక కారణం. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన తిరుగుబాటు కాలంలో, ఇదే మన్యపు కొండలలోకి పంపిన మలబారు పోలీసు, అస్సాం రైఫిల్స్ దళాలకు కూడా ఈ జ్వరంతో పోరు తప్పలేదు.

ఆనాటి సిపాయికి చలిజ్వరం వస్తే ఏమి జరిగేదో ఊహించండి. మొదట గజగజ వణుకు, తరువాత మంటవంటి జ్వరం, ఆ తరువాత ఒళ్ళంతా చెమట. జ్వరం దిగుతుంది, రోజు విడిచి రోజు మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళకు ప్లీహం పెరిగి పొట్టలో బల్ల కడుతుంది. రక్తం క్షీణించి మనిషి పాలిపోతాడు. అతనిని డోలీలో వేసి కొండ దింపాలి, నది గట్టుకు చేర్చాలి, అక్కడినుండి పడవలో మైదానానికి పంపాలి. వైద్యం ఉన్నది మైదానంలో. జ్వరం ఉన్నది కొండలో. మధ్యనున్న ఆ ప్రయాణంలోనే రోగి బలమంతా హరించుకుపోయేది.

తిలంగాల ఆసుపత్రులు

ఉత్తరాదిన కుంపిణీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. 1757 ప్రాంతంలో మద్రాసు నుండి బెంగాలుకు వెళ్ళిన సిపాయిలలో తెలుగువారు చాలామంది ఉండటంవల్ల ఆ పేరు వచ్చింది. మద్రాసు సైన్యానికి మరొక ప్రత్యేకత ఉండేది. దాని సిపాయిలు పటాలం మారినప్పుడల్లా భార్యాబిడ్డలను, ముసలి తల్లిదండ్రులను కూడా వెంట తీసుకుపోయేవారు. పటాలం లైన్లలో ఒక చిన్న ఊరే ఉండేది.

ఆ రోజులలో ప్రతి పటాలానికి సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. ఒక డాక్టరు, కొద్దిమంది సహాయకులు, కొన్ని మందులు. సిపాయి తన పక్కబట్టలు, భోజనం తానే చూసుకోవలసిన పరిస్థితి. ఆసుపత్రి ప్రధానంగా సిపాయి కోసమే. లైన్లలోని కుటుంబాలకు వైద్యం ఎంత అందేదన్నది ఆ డాక్టరు ఓపికనుబట్టి ఉండేది.

సైనికుల ఆరోగ్యంపై మొదటి పెద్ద విచారణ 1859లో నియమింపబడిన రాజ సంఘం చేసింది. దాని నివేదిక 1863లో వెలువడింది. అందులోని లెక్కలు ఇంగ్లండు ప్రజలను నివ్వెరపరచాయి. ఇండియాలోని తెల్ల సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. వారిలో యుద్ధంలో చనిపోయినవారు కొద్దిమందే. కలరా, విరేచనాలు, జ్వరాలవల్ల చనిపోయినవారే ఎక్కువ. ఈ లెక్కలను విడదీసి అర్థం చెప్పినవారిలో ముఖ్యురాలు ఫ్లారెన్స్ నైటింగేల్. ఆమె మన దేశం ఎన్నడూ రాలేదు. ప్రతి సైనిక స్థావరానికి ప్రశ్నల పత్రాలు పంపించి, వచ్చిన సమాధానాలను మంచంమీద నుండే పరిశీలించింది. నీరు ఎక్కడిది? మురుగు ఎటు పోతుంది? ఒక గదిలో ఎందరు పడుకుంటారు? ప్రశ్నలు ఇంత సామాన్యమైనవి. బారకాసులు, నీటి ఏర్పాట్లు బాగుచేయగా 1873 నాటికి ఆ మరణాల సంఖ్య వెయ్యికి 18కి తగ్గినదని ఆమె చెప్పగలిగింది.

కాని మన్యపు జ్వరం ఈ శుభ్రతకు లొంగలేదు. ఎందుకు? ఆ జ్వరం చిత్తడినేలల నుండి లేచే చెడుగాలివల్ల వస్తుందని అప్పటివారి నమ్మకం. మలేరియా అనే ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి. కారణం తెలియని జబ్బును దూరంగా పారిపోయి తప్పించుకోవలసిందే తప్ప వేరే దారి లేదు.

సికింద్రాబాదులో దొరికిన రహస్యం

ఈ రహస్యాన్ని ఛేదించిన ఇద్దరూ సైనిక వైద్యులే కావటం గమనించదగినది. 1880లో అల్జీరియాలోని ఒక సైనిక ఆసుపత్రిలో ఫ్రెంచి సైన్య వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. అది రక్తంలోకి ఎట్లా చేరుతుందన్నది తేలలేదు. దానిని తేల్చినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన రొనాల్డ్ రాస్.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1895లో సికింద్రాబాదులోని 19వ మద్రాసు పదాతి పటాలం ఆసుపత్రికి వైద్యుడుగా వచ్చాడు. మధ్యలో బెంగుళూరులో కలరా పనిమీద ఉండి, 1897లో తిరిగి వచ్చాడు. వేసవిలో పంకా వేయిస్తే దోమలు ఎగిరిపోతాయని పంకా లేకుండా పనిచేశాడు. చెమటకు అతని సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, రెక్కలపై మచ్చలున్న దోమలచేత కుట్టించాడు. 1897 ఆగస్టు 20వ తేదీన, అటువంటి దోమ కడుపు గోడలో నల్లని రంగు రేణువులతో ఉన్న గుండ్రని కణాలను చూశాడు. అవి మలేరియా పరాన్నజీవి పెరుగుతున్న దశ. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులలోకి చేరి, కాటుతో కొత్త ప్రాణిలో ప్రవేశిస్తుందని నిరూపించాడు. 1902లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో అతని పేరిట ఉన్న స్మారక సంస్థను ఇప్పటికీ చూడవచ్చు.

ఈ పరిశోధనకు పెద్ద విశ్వవిద్యాలయం అవసరం కాలేదు. సిపాయిలు జ్వరంతో పడుకొని ఉన్న చిన్న ఆసుపత్రి, అక్కడొక సూక్ష్మదర్శిని, పట్టుదలగల వైద్యుడు - ఇవి చాలాయి. రోగి ఉన్నచోటనే వైద్యుడు ఉండటంవల్ల కలిగే మేలుకు ఇంతకంటే మంచి ఉదాహరణ మన రాష్ట్రంలో మరొకటి దొరకదు.

కంచె వేస్తే దోమ ఆగదు

కారణం తెలిసింది కదా, ఇక దండు నివసించే చోట దోమలను చంపితే చాలును గదా అని అధికారులు భావించారు. లాహోరు దగ్గర మియాన్ మీర్ అనే కంటోన్మెంటులో 1902లో ప్రయోగం మొదలుపెట్టారు. గుంటలు పూడ్చారు, కాలువలు శుభ్రం చేశారు, నిలవనీటిపై నూనె చల్లారు. 1909లో లెక్కలు చూడగా, పెట్టిన శ్రమకు తగినంతగా జ్వరాలు తగ్గలేదు. పని చాలినంతగా జరగలేదని రాస్ వాదించాడు. ఏమైనా ఒక్క సంగతి స్పష్టమైంది. దోమ కంటోన్మెంటు హద్దును గుర్తించదు. చుట్టుపక్కల పొలాలలో, కాలువలలో పుట్టి, ఒకటి రెండు కిలోమీటర్లు సునాయాసంగా ఎగిరి వస్తుంది. చుట్టూ ఉన్న పల్లెల పిల్లల రక్తంలో క్రిమి ఉన్నంతకాలం, మధ్యలో ఉన్న దండు ఒక్కటే క్షేమంగా ఉండలేదు.

మన మన్యంలో ఈ విషయం మరింత నిజం. తూర్పు కనుమల కొండవాగులలో, గడ్డి మొలిచిన అంచుల వెంట మెల్లగా పారే తేటనీటిలో, ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ పెరుగుతుంది. మురుగునీరు దానికి గిట్టదు. ఇంటిముందు గుంట పూడ్చినంత మాత్రాన అది పోదు. కొండవాగును పూడ్చటం సాధ్యమా? కనుక ఇక్కడ దోమను తగ్గించటంతోపాటు, రోగిని వెంటనే గుర్తించి అతని రక్తంలోని క్రిమిని చంపటం ముఖ్యమవుతుంది. జబ్బు నయమైన ప్రతి మనిషి దోమకు ఒక ఆహారం తగ్గించినవాడే గాక, క్రిమికి ఒక ఇల్లు తగ్గించినవాడు కూడా.

బర్మా అడవి నేర్పిన పాఠం

పటాలపు ఆసుపత్రులకు బదులు, భారతీయ సైనికులకు స్థావర ఆసుపత్రులు 1918లో ఏర్పడ్డాయి. పరుపు, బట్ట, భోజనం ఆసుపత్రే ఇచ్చే పద్ధతి వచ్చింది. 1943 ఏప్రిల్ 3న ఆర్మీ మెడికల్ కోర్ అవతరించింది. సరిగా ఆ సంవత్సరమే బర్మా సరిహద్దులో గొప్ప పరీక్ష ఎదురైంది.

బర్మా అడవులు మన మన్యపు అడవులకు పెద్దన్నలవంటివి. 14వ సైన్యానికి అధిపతి అయిన జనరల్ స్లిమ్ చెప్పిన లెక్కల ప్రకారం, 1943లో గాయపడి వెనుకకు పంపబడిన ఒక్కొక్క సైనికునికి, జబ్బుతో పంపబడినవారు 120 మంది. మలేరియా సోకినవారు ఏటా నూటికి 84 మంది. జ్వరం తీవ్రంగా ఉన్న సమయంలోనే రోగిని రోడ్డుమీద, రైలులో, పడవలో వందల మైళ్ళు ఇండియాలోని ఆసుపత్రికి తరలించేవారు. అతను తిరిగి రావటానికి కనీసం ఐదు నెలలు పట్టేది. కొందరు తిరిగి రానేలేదు. రంప కొండల నుండి డోలీలో దిగిన సిపాయి కథే ఇది. డోలీకి బదులు రైలు వచ్చింది, అంతే.

ఇందుకు చేసిన మార్పు చాలా తేలికైనది. రోగిని ఆసుపత్రికి పంపటం మాని, ఆసుపత్రినే రోగి దగ్గరకు తెచ్చారు. పోరాడే వరుసకు కొద్ది మైళ్ళ వెనుక, గుడారాలలో, వెదురు పాకలలో మలేరియా చికిత్సా కేంద్రాలు పెట్టారు. జ్వరం వచ్చిన 24 గంటలలో సైనికుడు అక్కడికి చేరేవాడు. సుమారు మూడు వారాలలో నయమై తన దళంలో కలిసేవాడు. దీనికి తోడు ప్రతివాడూ రోజూ మెపాక్రిన్ బిళ్ళ మింగాలని ఆజ్ఞ. మింగుతున్నారో లేదో తెలుసుకొనటానికి ఆకస్మికంగా పరీక్షలు చేయించేవారు. నూటికి 95 మంది అయినా మింగినట్లు తేలని దళాల అధికారులలో ముగ్గురిని స్లిమ్ పదవి నుండి తొలగించాడు. మిగిలినవారికి ఆ పాఠం చాలింది. 1945 నాటికి జబ్బుపడేవారు రోజుకు వెయ్యికి ఒక్కరికి తగ్గారు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గుర్తించాలి. 1943లో ఉన్న మందే దాదాపుగా 1945లోనూ ఉన్నది. మారినది ముఖ్యంగా దూరం, కాలం, క్రమశిక్షణ. మందు కనుగొనటం సగం పని. దానిని వేళకు నోటికి అందించటం మిగిలిన సగం.

పదవీ విరమణ తరువాత

సైనికుడు ఎల్లకాలం సైన్యంలో ఉండడు. చాలామంది నలభై ఏళ్ళ లోపుననే పింఛనుతో ఇంటికి వస్తారు. జబ్బుల వయస్సు అప్పుడే మొదలవుతుంది. 2003కు ముందు మాజీ సైనికునికి సైనిక ఆసుపత్రిలో కొన్ని జబ్బులకు, మంచం ఖాళీ ఉంటే, చికిత్స దొరికేది. భద్రాచలం ప్రాంతపు మాజీ సైనికునికి ఆ ఆసుపత్రి సికింద్రాబాదులో ఉన్నది. మధ్య దూరం 300 కిలోమీటర్లకు పైమాటే. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన ఏర్పడినది 1965లో. అంతకుముందు నది దాటటానికే పడవ కావలసి ఉండేది. చక్కెర జబ్బుకో, రక్తపు పోటుకో నెలనెలా మందు తెచ్చుకొనవలసిన ముసలివాడు, లేక అతని వితంతువు, ఆ ప్రయాణం ఎన్నిమార్లు చేయగలరు?

2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల కంట్రిబ్యూటరీ హెల్త్ స్కీము అమలులోకి వచ్చింది. సభ్యుడు ఒకసారి తన వంతు చందా కడితే, అతనికి, అతని భార్యకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు వైద్యం లభిస్తుంది. ఇందుకు సైనిక స్థావరాలలోనే గాక, స్థావరం లేని జిల్లా పట్టణాలలో కూడా పాలీక్లినిక్కులు తెరిచారు. మొదట మంజూరైనవి 227. తరువాత వాటి సంఖ్య 400 దాటింది. ఖమ్మంలో కూడా ఒక పాలీక్లినిక్ ఏర్పడింది. కంటోన్మెంటు లేని ఖమ్మంలో సైనిక కుటుంబానికి వైద్యం హక్కుగా దొరకటం ఒక పెద్ద మార్పు. అయినా చర్ల నుండి ఖమ్మం రావటానికి ఇప్పటికీ సగం రోజు పని. దూరం తగ్గింది, తీరిపోలేదు.

సరిహద్దు అడవిలో జవాను

నేడు ఈ సరిహద్దు అడవులలో కావలి ఉంటున్నవారు ఎక్కువగా కేంద్ర రిజర్వు పోలీసు దళం జవానులు. ఊళ్ళో వారిని మిలిటరీ అంటారు గాని, వారు సైన్యానికి కాక హోం మంత్రిత్వ శాఖకు చెందినవారు. కనుక పైన చెప్పిన స్కీము వారికి వర్తించదు. వారికీ, వారి కుటుంబాలకూ నగదు లేకుండా చికిత్స అందించే ఆయుష్మాన్ సి.ఎ.పి.ఎఫ్. పథకం 2021 జనవరిలో మొదలయింది. అదే నెల 18న, రక్షణ పరిశోధనా సంస్థ రూపొందించిన 'రక్షిత' అనే మోటారు సైకిల్ అంబులెన్సులు 21 ఈ దళానికి అందాయి. నాలుగు చక్రాల బండి పోలేని అడవిబాటలో, గాయపడినవానిని వెనుక సీటులో కట్టి కూర్చోబెట్టి తీసుకొని రావటానికి ఇవి పనికివస్తాయి. డోలీ నుండి ఇక్కడికి మనం 140 ఏళ్ళలో వచ్చాము.

అయితే మలేరియా విషయంలో ఒక చిక్కు ఉన్నది. దోమ కుట్టిన రోజున ఏమీ తెలియదు. ప్రమాదకరమైన ఫాల్సిపారం జాతి క్రిమి సోకితే, సాధారణంగా 9 నుండి 14 రోజుల తరువాత జ్వరం మొదలవుతుంది. ఈలోగా జవాను సెలవుమీద తన ఊరికి వెళ్ళి ఉండవచ్చు. అది మలేరియా ఎరుగని ఊరు కావచ్చు. అక్కడి వైద్యుడు మామూలు జ్వరమే అనుకొంటాడు. రెండు మూడు రోజుల ఆలస్యంతో క్రిమి మెదడు రక్తనాళాలను అడ్డగిస్తే ప్రాణాపాయం. ఇక వైవాక్స్ జాతి క్రిమి కాలేయంలో నెలల తరబడి నిద్రించి, మళ్ళీ జ్వరం తెస్తుంది. దానిని పూర్తిగా తుడిచివేయటానికి వైద్యుని పర్యవేక్షణలో 14 రోజులు ప్రైమాక్విన్ వాడాలి. అందువల్ల జవాను భార్య, తల్లి తెలుసుకోవలసిన మాట ఒక్కటే: అడవి నుండి వచ్చినవానికి జ్వరం వస్తే, 'ఈయన మన్యంలో ఉండి వచ్చాడు, రక్తం చూడండి' అని వైద్యునితో చెప్పాలి. ఈ ఒక్క వాక్యం ఎన్నో ప్రాణాలు నిలుపుతుంది.

రెండవ చిక్కు మియాన్ మీర్ నేర్పినదే. క్యాంపులో దోమతెరలు ఉంటాయి, పరీక్షలు ఉంటాయి, మందు ఉంటుంది. కంచె బయట, అరకిలోమీటరు దూరంలోని కోయగూడెంలో అవి లేకపోతే, గూడెంలోని పసివాని రక్తంలోని క్రిమే రేపు కంచె దాటి వస్తుంది. క్యాంపులోని జవాను రక్తంలోని క్రిమి గూడేనికి కూడా పోగలదు. అందుచేత జవాను వైద్యం, గూడెం వైద్యం అని రెండు లేవు. ఇప్పుడు ఆశా కార్యకర్త చేతిలోనే వేలి నుండి ఒక్క రక్తపు బొట్టుతో, సుమారు పావుగంటలో మలేరియాను గుర్తించే పరీక్షా పట్టీ ఉన్నది. ఆర్టిమిసినిన్ కలిసిన మందులు ఉన్నాయి. మన దేశంలో 1947 నాటికి ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకేదని అంచనా. నేడు ఆ సంఖ్య ఎంతో తగ్గింది. మిగిలినది ఎక్కువగా ఇటువంటి అడవి అంచులలోనే, అనగా వైద్యానికి దూరమైన చోట్లనే మిగిలింది. పోలీసులకు, అడవి పల్లెలకు మధ్య ఉన్న భయాలు, అనుమానాలు ఏవైనా, దోమ ముందు వారిద్దరిదీ ఒకే రక్తం.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఒక చిన్న పనితో ముగించవచ్చు. విద్యార్థులచేత తమ ఊరి పటం గీయించండి. రక్తపరీక్ష చేసే చోటు, మందు దొరికే చోటు, రోగిని చేర్చుకొనే ఆసుపత్రి గుర్తింపజేయండి. తరువాత దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటలలో రాయించండి. అది కూడా వానాకాలంలో, రాత్రివేళ, వాగు పొంగినప్పుడు ఎన్ని గంటలో రాయించండి. బర్మా అడవిలో ఐదు నెలలను మూడు వారాలుగా మార్చినది ఆ లెక్కే. ఏ ఇంటినుండి ఆ లెక్క 24 గంటలు దాటుతుందో, మన పని ఇంకా మిగిలి ఉన్నది ఆ ఇంటివద్దనే.